సభ గడప – 9: లాహోరు నుంచి జూమ్ లింకు దాకా



మద్రాసు ప్రభుత్వ లేబర్ డిపార్ట్‌మెంటు మన వాడల్లో పెట్టిన బడుల గురించి ఈ వారం రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక మెసేజ్ వచ్చింది. దాని మీద రాయకుండా ఉండలేకపోతున్నా.

ఒక చెల్లి. పీహెచ్‌డీ మూడో ఏడు. కూలికి పోయే ఆడవాళ్ల నాట్ల పాటల మీద పనిచేస్తోంది. ఆ పాటలు పాడేవాళ్లలో వాళ్ల నాయనమ్మ కూడా ఉంది. యూరప్‌లో జరిగే ఒక కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపితే సెలెక్ట్ అయింది. ఆ సంతోషం ఒక్క రోజే. టికెట్, వీసా, రిజిస్ట్రేషన్, అక్కడ నాలుగు రోజుల బస అన్నీ లెక్కేసుకుని, "ఆన్‌లైన్‌లో చదవడానికి అవకాశం ఇస్తారా" అని మర్యాదగా మెయిల్ రాసింది. జవాబు కూడా మర్యాదగానే వచ్చింది. ఈసారి కాన్ఫరెన్స్ పూర్తిగా ఆఫ్‌లైన్ అట. మనుషులు ముఖాముఖి కలిస్తేనే మేధో వాతావరణం ఏర్పడుతుందట. రాలేకపోతే పేపర్ వెనక్కి తీసుకోవచ్చట.

"అన్నా, అప్పు చేసి పోనా? మానేయనా?" అని అడిగింది.

ఆమెకు జవాబు రెండు నిమిషాల్లో ఇచ్చాను. ఆ జవాబు వెనక ఉన్న చరిత్ర మాత్రం రెండు నిమిషాల్లో చెప్పేది కాదు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. సభలో మనిషి లేకపోతే ఏమవుతుంది? పేపర్ చదవకపోతే కొంపలేం మునగవు కదా అని మనలోనే కొందరు అంటారు. 1917 నవంబర్‌లో బెజవాడలో జరిగిన సభను గుర్తు తెచ్చుకోండి. దాని పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములం అనే మాట మనకు ఇంకెవరో పెట్టింది, మేం ఈ నేల ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభలోనే తేల్చారు. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. తర్వాత ఆ పేరే సర్కారు కాగితాల్లోకి, జనాభా లెక్కల్లోకి ఎక్కింది. మనల్ని ఏమని పిలవాలో తేలేది సభల్లోనే. అక్కడ మనం లేకపోతే ఇంకొకరు తేలుస్తారు. ఇవాళ్టికీ అంతే. అమెరికాలోని మాడిసన్‌లో దక్షిణాసియా మీద ఏటా పెద్ద కాన్ఫరెన్స్ జరుగుతుంది, 1970ల నుంచి జరుగుతూనే ఉంది. మన కులాల మీద, మన దేవతల మీద, మన కూలి మీద వచ్చే ఏడు ఏ మాటలు చలామణీలోకి రావాలో అలాంటి చోట్ల తయారవుతుంది. అక్కడ ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు ఆ గదిలో ఎంతమంది ఉంటారు?

ఇక లాహోరుకు పోదాం.

1935 చివర్లో లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు తమ వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ను పిలిచారు. కులం పోవాలని చెప్పే సవర్ణ హిందువుల సంఘం అది. ఆయన మొదట వద్దన్నారు, వాళ్లు వదల్లేదు. సరేనని ప్రసంగం రాశారు. అచ్చులో ఉన్న ఆ ప్రసంగం చూశాక మండల్ వాళ్లకు చెమటలు పట్టాయి. వేదాల గురించిన మాటలు తీసేయండి, హిందువుగా ఇదే నా చివరి ప్రసంగం అన్నది తీసేయండి అని ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక్క కామా కూడా మార్చను అన్నారు బాబాసాహెబ్. 1936 మేలో జరగాల్సిన సభ రద్దయింది. పిలిచినవాళ్లే తలుపు వేసేశారు.

ఇంతవరకూ మనందరికీ తెలిసిన కథే. అందరం ఇక్కడే ఆపేస్తాం. ఆ తర్వాత జరిగింది మన విషయానికి ఎక్కువ అవసరం. ఆయన ప్రసంగాన్ని సొంత ఖర్చుతో పదిహేను వందల ప్రతులుగా వేశారు. రెండు నెలల్లో అయిపోయాయి. మరుసటి ఏడు రెండో ముద్రణ వచ్చేనాటికి గుజరాతీలో, తమిళంలో అనువాదాలు వచ్చేశాయి. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలో పని నడుస్తోంది. లాహోరు సభ జరిగి ఉంటే ఆ హాల్లో ఎంతమంది కూర్చునేవాళ్లు? వాళ్లలో మన వాళ్లు ఎందరు? సభ రద్దవడం వల్ల ఆ ప్రసంగం తమిళ పల్లెకు చేరింది, మహారాష్ట్ర వాడకు చేరింది. మాట్లాడే మనిషి బొంబాయిలో, వినే మనిషి ఎక్కడో, మధ్యలో పోస్టు. దూరం నుంచి సభలో పాల్గొనడం అంటే ఇదే. అప్పుడు జూమ్ లేదు, అంతే తేడా.

ఇందులో ఒక పిట్టకథ ఉంది. ఆ పుస్తకం మీద గాంధీ ఆ జులైలో తన 'హరిజన్' పత్రికలో రాస్తూ వెల సంగతి కూడా ఎత్తారు. ఎనిమిదణాలు ఎక్కువ, రెండణాలు కాకపోయినా నాలుగణాలకైనా ఇవ్వాలి అన్నారు. చదువు చౌకగా అందాలన్న మాట ఎవరన్నా మంచిదే. కానీ అచ్చు ఖర్చు పెట్టుకున్నది ఎవరు? హాలు ఇవ్వకుండా గెంటిందెవరు? తలుపు మూసినవాళ్ల గురించి తక్కువ, తోవ వేసుకున్నవాడి ధర గురించి ఎక్కువ మాట్లాడటం మన దేశంలో పాత అలవాటు. ఆన్‌లైన్ కాన్ఫరెన్స్ అనగానే "ఖర్చెవరు భరిస్తారు" అని ఇవాళ అడిగేవాళ్లను చూస్తే నాకు ఆ ఎనిమిదణాలే గుర్తొస్తాయి.

మన తెలుగులో జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. వినుకొండలో అవధాన సభకు పోయి కులం పేరుతో అవమానపడ్డ కవి ఆయన. గుళ్లోకి రానివ్వని మనిషి, గుళ్లో వేలాడే గబ్బిలం చేత కాశీలోని శివుడికి తన మొర పంపిస్తాడు. మేఘం చేత ప్రేయసికి కబురు పంపిన యక్షుడికి అది విరహం. మనవాడికి అది గడప సమస్య. మా తరగతిలో ఒక సారు దాన్ని "సందేశ కావ్య ప్రక్రియ" అని చెప్పి వదిలేశారు. నాకు మాత్రం అది లోపలికి రానివ్వని సభలోకి గొంతు పంపించే పద్ధతిలాగే కనబడుతుంది.

ఇప్పుడు లెక్కలు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసే విద్యార్థికి యూజీసీ ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు, అంటే మన లెక్కలో ఎనిమిది వేలు దాటుతుంది. ఒక నెల తిండీ పుస్తకాలూ ఒక స్టాంపుకు సరి. వీసా వస్తుందన్న హామీ లేదు, రాకపోతే ఫీజు తిరిగి రాదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ 8,000 కూడా లేనివాళ్లు ఎందరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇచ్చే ఫెలోషిప్పులైనా నెలనెలా వస్తాయా? తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని రోహిత్ తన చివరి ఉత్తరంలో రాసిపెట్టి పోయాడు.

డబ్బు ఒక్కటే అనుకోకండి. వీసా అధికారికి నువ్వు తిరిగొస్తావన్న నమ్మకం కలిగించాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాలి. ఆస్తి కాగితాలుంటే పెట్టమంటాడు ఏజెంటు. భూమి ఎందుకు లేదన్నదే నా థీసిస్ అయినప్పుడు, భూమి కాగితం ఎక్కడ్నుంచి తేవాలి? ట్రావెల్ గ్రాంటులు ఉన్నాయి కదా అంటారు. చాలావాటిలో ముందు నీ చేతి డబ్బు పెట్టుకో, తిరిగొచ్చాక బిల్లులు పెట్టు, మేం చూస్తాం అనే పద్ధతి. లక్షన్నర ముందు పెట్టగలిగినవాడికే లక్షన్నర ఇస్తారన్నమాట.

నా సంగతి కూడా చెప్తాను. 2019లో నా పేపర్ ఒకటి బయటి దేశంలో ఒక సభకు తీసుకున్నారు. పోలేను, స్కైప్‌లో చదువుతాను అన్నాను. ఆ హాల్లో అలాంటి సౌకర్యం లేదు, సాంకేతికంగా కుదరదు అన్నారు. ఆ సభ పేరు చెప్పను, మనకు ముఖ్యం ఆ సభ కాదు. మరుసటి ఏడు అదే సభ మొత్తం ఆన్‌లైన్‌లో జరిగింది. హాలు మారలేదు, మనుషులు మారలేదు. అవసరం ఎవరిదన్నది మారింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. నాకంటే ముందు, నాకంటే గట్టిగా ఈ మాట అడిగినవాళ్లు వికలాంగ పరిశోధకులు. వీల్‌చెయిర్‌లో విమానం ఎక్కడం ఎంత నరకమో, దీర్ఘరోగంతో నాలుగు రోజుల సభ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పి, దూరం నుంచి పాల్గొనే వీలు కల్పించండని ఏళ్ల తరబడి అడిగారు. కుదరదన్నారు. 2020 మార్చిలో రెండు మూడు వారాల్లో ప్రపంచమంతా కుదిరింది. వాళ్లు అప్పుడు సంతోషపడలేదు, కోపం తెచ్చుకున్నారు. ఆ కోపం న్యాయమైనది. మన ఉద్యమాలు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మన సభలు మేడ మీద హాల్లో పెట్టి, ర్యాంపు లేకుండా "అందరూ ఆహ్వానితులే" అని కరపత్రం వేసుకుంటున్నాం, అదీ చూసుకోవాలి.

కరోనాకు ముందే చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 2016 మేలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరాలో కెన్ హిల్ట్‌నర్ అనే ప్రొఫెసర్ ఒక కాన్ఫరెన్స్ నడిపారు. ఎవరూ విమానం ఎక్కలేదు. ఎవరి ప్రసంగం వాళ్లు ఇంట్లోనే రికార్డు చేసి పంపారు. మూడు వారాలపాటు ప్రశ్నలూ జవాబులూ రాతలో నడిచాయి. మామూలు సభలో ప్రశ్నలకు పది నిమిషాలు, అందులో మొదటి ఏడు నిమిషాలు ముందు వరుస పెద్దాయనవే. రాతలో అయితే ఇంగ్లీషు తడబడే మనిషి కూడా నింపాదిగా ఆలోచించుకుని, డిక్షనరీ చూసుకుని అడగొచ్చు. వాళ్లు ఈ పని మొదలుపెట్టింది ప్రధానంగా విమానాల పొగ తగ్గించడానికి. భూగోళం వేడెక్కితే తెరుచుకున్న తలుపు, మనం బయట నిలబడి కొడితే ఎందుకు తెరుచుకోలేదని అడగాలనిపిస్తుంది. అయినా తెరుచుకుంది, మంచిదే.

2018 ఏప్రిల్‌లో అమెరికాలోని సొసైటీ ఫర్ కల్చరల్ ఆంత్రొపాలజీ ఇంకో అడుగు వేసింది. 'డిస్‌ప్లేస్‌మెంట్స్' పేరుతో సభను ఆన్‌లైన్‌లో పెట్టి, ఊరూరా జనం ఒకచోట కూడి చూసి చర్చించుకునే కేంద్రాలు పెట్టించింది. ఒంటరిగా ఫోనులో చూడటం కాదు, పదిమంది కలిసి చూడటం. మన పల్లెల్లో పేపరు ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు, అదే పద్ధతి. హైదరాబాదులో 'దళిత్ కెమెరా' అంతకు చాలా ముందే ఇలాంటి పని చేసింది. ఇఫ్లూలో పరిశోధన చేస్తున్న రవిచంద్రన్ బత్రాన్ ఒక కెమెరా పట్టుకుని సభలకు పోయి, మనవాళ్ల మాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఆ వీడియోలు మా వాడలో కుర్రాళ్లు రచ్చబండ మీద కూర్చుని చూడటం నేను కళ్లారా చూశాను. యూనివర్సిటీ సెమినార్ హాలు అంటే ఎలా ఉంటుందో వాళ్లకు మొదట తెలిసింది అలాగే.

వీసా సంగతి మనకే కాదు. 2018లో కెనడాలోని మాంట్రియల్‌లో కృత్రిమ మేధ మీద పెద్ద కాన్ఫరెన్స్ జరిగితే, 'బ్లాక్ ఇన్ ఏఐ' వర్క్‌షాప్‌కి రావాల్సిన ఆఫ్రికా పరిశోధకుల్లో చాలామందికి వీసాలు ఇవ్వలేదు. దాని మీద గొడవ జరిగింది. ఆ రంగంలోనే ఇంకో పెద్ద సభ ఐసీఎల్ఆర్. వాళ్లు 2020 సభను ఇథియోపియాలోని అడిస్ అబాబాలో పెడతామన్నారు. తీరా ఆ ఏప్రిల్‌కి కరోనా వచ్చి సభ ఆన్‌లైన్ అయింది. దాదాపు 90 దేశాల నుంచి 5,600 మందికి పైగా పాల్గొన్నారు. సంతోషించాలా బాధపడాలా చెప్పలేం. నల్లవాళ్ల గడ్డ మీద జరగాల్సిన సభ జరగలేదు, కానీ ఏ వీసా ఆఫీసు గుమ్మమూ తొక్కకుండా వాళ్లు లోపలికొచ్చారు. ఆ సభ చివరికి 2023లో రువాండాలోని కిగాలిలో ముఖాముఖి జరిగింది. రెండూ కావాలి అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

2020 గురించి మనం తీపి కబుర్లు చెప్పుకోకూడదు. నేను ఆ ఏడాది ఆగస్టులో ఒక అంతర్జాతీయ వెబినార్‌లో మాట్లాడాను. ఊళ్లో మా ఇంట్లో సిగ్నల్ రాదు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన గొడుగు పట్టుకుని కూర్చున్నా. కింద నుంచి అమ్మ "ఒరే నాన్నా, ఎండలో ఎవరితో రా ఆ ఇంగ్లీషు" అని కేకేసింది. మ్యూట్ చేయడం మర్చిపోయాను, అందరూ విన్నారు. నవ్వారు. మంచి నవ్వే. కానీ ఆ తర్వాత మోడరేటర్ "దయచేసి కెమెరా ఆన్ చేస్తారా" అంటే నా వేలు ఆగింది. నా వెనక ఏం కనబడుతుందో నాకు తెలుసు. సగం కట్టిన గోడ, ఆరేసిన బట్టలు. మిగతా చదరాల్లో పుస్తకాల బీరువాలు. మామూలు సభలో నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోతే నా ఇల్లు నా వెంట రాదు. ఆన్‌లైన్‌లో ఇల్లూ వచ్చి కూర్చుంటుంది. స్క్రీన్ మీద పేరు కింద ఇంటిపేరు, కులం తోకలు సరేసరి. ఎవరి ప్రశ్న ముందు తీసుకుంటారో ఆ పేర్లు చూసి మీరే లెక్కపెట్టండి.

నా గొడుగు కథ నవ్వుకోదగ్గది. నవ్వలేనివి ఉన్నాయి. 2017-18లో జాతీయ గణాంక సంస్థ చేసిన సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ అందుబాటులో ఉన్న కుటుంబాలు నూటికి 24. పల్లెల్లో 15 కూడా లేవు. పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి ఐదు లోపే. ఆ దేశంలో రాత్రికి రాత్రి చదువంతా ఆన్‌లైన్ అన్నారు. 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడై ఉంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అదే ఏడు నవంబర్‌లో మన షాద్‌నగర్ అమ్మాయి, ఢిల్లీలో పేరున్న కాలేజీ విద్యార్థిని. ల్యాప్‌టాప్ లేక, ఇంటి మీద భారమయ్యానని. కాబట్టి "ఆన్‌లైన్ అంటే సమానత్వం" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫోను, డేటా, ఒక తలుపున్న గది లేనివాళ్లకు లింకు పంపడం, చెప్పుల్లేనివాడికి తోవ చూపించడమే.

కులం కూడా లింకు నొక్కి లోపలికొచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల ప్రిపరేటరీ తరగతిలో ఒక ప్రొఫెసర్ పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టిన వీడియో బయటికొచ్చింది. ఆమెను సస్పెండ్ చేశారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఇలాంటి తిట్లు తరగతి గదుల్లో ఎన్ని వేల సార్లు పడి ఉంటాయి? ఎన్నిటికి సాక్ష్యం ఉంది? ఆ రోజు రికార్డు ఉంది కాబట్టి దేశం చూసింది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి మనం చెప్పే మాటే సాక్ష్యం, మన మాటను ఎప్పుడు నమ్మారు?

ఆన్‌లైన్ సభ అంటే సర్కారు కూడా ఉలిక్కిపడింది. 2021 జనవరి 15న కేంద్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు పంపింది. ప్రభుత్వ యూనివర్సిటీలు దేశ భద్రత మీద గానీ, భారత అంతర్గత విషయాలు అనిపించే వాటి మీద గానీ అంతర్జాతీయ ఆన్‌లైన్ సభ పెట్టాలంటే ముందుగా విదేశాంగ శాఖ అనుమతి కావాలని దాని సారాంశం. కులం అంతర్గత విషయమే కదా! 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి సభ జరిగినప్పుడు కులం మాట ఎత్తనీయకుండా మన ప్రభుత్వం చెప్పిన సాకు దాదాపు ఇదే. అప్పుడు మనవాళ్లు డర్బన్ దాకా పోయి వీధుల్లో నినదించారు. ఈసారి సైన్స్ అకాడమీలే ఎదురు తిరిగాయి, ఫిబ్రవరిలో ఉత్తర్వు వెనక్కి పోయింది. అదే సెప్టెంబర్‌లో హిందుత్వ మీద అమెరికా యూనివర్సిటీల విభాగాలు కలిసి మూడు రోజుల ఆన్‌లైన్ సభ పెడితే యూనివర్సిటీలకు లక్షల మెయిళ్లు, వక్తలకు బెదిరింపులు. మీనా కందసామి లాంటి వాళ్ల ఇంటి పిల్లల్ని కూడా వదల్లేదు. అయినా సభ జరిగింది. హాలుకు తాళం వేయించడం తేలిక, లింకుకు వేయించడం అంత తేలిక కాదు.

సరే, ఇంత జరిగాక 2022 నుంచి ఏమైంది? ఒక్కొక్కరే తలుపులు మూశారు. 'ఎట్టకేలకు మళ్లీ కలుస్తున్నాం' అని పోస్టర్లు వేశారు. కలుస్తున్నది ఎవరు? 2022లో 'నేచర్ సస్టెయినబిలిటీ' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. సైన్స్ సభలు ఆన్‌లైన్ అయ్యాక ఆడవాళ్లు, విద్యార్థులు, పెద్దపేరు లేని సంస్థల నుంచి వచ్చేవాళ్లు పెరిగారని తేల్చింది. ఆ పెరిగినవాళ్లే మళ్లీ బయటికి పోయారు, వేరే ఎవరూ కాదు.

కొందరు పూర్తిగా మూయలేదు. హైబ్రిడ్ అన్నారు. నాకు అసలు భయం ఇక్కడే. కిందటేడు నేను చూసిన ఒక హైబ్రిడ్ సభలో ఆన్‌లైన్ వాళ్లందరినీ ఆఖరి రోజు సాయంత్రం ఒకే సెషన్‌లో కుక్కారు. హాల్లో వాళ్లు టీకి లేచిపోయాక, ఖాళీ కుర్చీలకు మనవాళ్లు పేపర్లు చదివారు. చాట్‌లో రాసిన ప్రశ్నలు ఒక్కటీ పైకి చదవలేదు. ఫీజు మాత్రం అందరికీ సమానం. సర్టిఫికెట్ మీద 'ఆన్‌లైన్' అని ప్రత్యేకంగా అచ్చేశారు. మా తాతల కాలంలో టీకొట్టు దగ్గర మన గ్లాసు విడిగా చూరుకు వేలాడేది. టీ మాత్రం అదే టీ అనేవాడు కొట్టువాడు. నాకు ఆ సర్టిఫికెట్ చూస్తే ఆ గ్లాసే కనబడింది.

ముఖాముఖి విలువ లేదని నేను అనను. కారిడార్లో టీ తాగుతూనే ఉద్యోగాల కబురు తెలుస్తుంది, పుస్తకం వేసే ఎడిటర్ దొరుకుతాడు, సిఫారసు ఉత్తరం రాసే మనిషి పరిచయమవుతాడు. అందుకే లింకు ఇచ్చాం కదా, ఇక ట్రావెల్ గ్రాంటు ఎందుకు అని రేపు యూనివర్సిటీలు అంటే ఒప్పుకోకూడదు. ఇప్పటికే 2022లో ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద పరిశోధనకు బయటికి పోవద్దని రాసేశారు. మన గురించి మనం బయటికి పోయి మాట్లాడకుండా ఒకవైపు, ఇంట్లో కూర్చుని మాట్లాడకుండా ఒకవైపు మూసుకొస్తున్నారు. గ్రాంటూ కావాలి, లింకూ కావాలి.

ఖర్చు సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మంచి హైబ్రిడ్ సభకు మనుషులు కావాలి. హాల్లో మైకు నుంచి శబ్దం నేరుగా లింకుకు వెళ్లాలి, టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టేస్తే బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. చాట్ చూడటానికే ఒక మనిషి ఉండాలి. పది మంది లోపు సంఘాలు నడిపే సభలకు ఇది బరువే, జూమ్ ఉచితంగా ఇచ్చేది నలభై నిమిషాలే. కానీ బాంకెట్ డిన్నర్‌కి, తోలు ఫైళ్లకి, శాలువాలకి డబ్బున్న సభ ఈ మాట అంటే మాత్రం నమ్మకండి.

ఇక ఆ చెల్లికి నేను చెప్పిన జవాబు. అప్పు చేయొద్దు, పేపర్ వెనక్కి తీసుకోవద్దు. మళ్లీ రాయి. బతిమాలుతున్నట్టు రాయకు. పేపర్ ముందే రికార్డు చేసి పంపుతాను, నా సెషన్‌లోనే వేయండి, ప్రశ్నలకు ఫోన్‌లోనైనా నేను జవాబిస్తాను అని రాయి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పమను. పేపర్ పూర్తి పాఠం సభ వాళ్లందరికీ పంచమను. ఎంతమంది ఇలా రాలేక ఆగిపోయారో కూడా అడుగు, ఆ జాబితాలో నువ్వొక్కదానివే ఉండవు. ఒప్పుకుంటే మాత్రం హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చుని చదవొద్దు. మీ ఊరి అంబేడ్కర్ భవనంలో ప్రొజెక్టర్ పెట్టిద్దాం, నెట్ సంగతి నేను చూస్తా. పాటలు ఎవరివో వాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి.

మెయిల్ నిన్న రాత్రి పోయింది. వాళ్ల నాయనమ్మకు సంగతి చెబితే "నేను పాడింది చదవడానికి దానికి అంత డబ్బెందుకే" అందట.

జవాబు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే చెప్తాను. ఇలాంటి మెయిళ్లు మీకు వచ్చి ఉంటే, సభ పేరు తీసేసి, కింద కామెంట్లలో పెట్టండి. లేబర్ డిపార్ట్‌మెంటు బడులు వచ్చే ఆదివారం.